ఎనిమిదో ఇన్నింగ్స్, ఎనిమిది పరుగులు, ఒక మనిషి

2003 అక్టోబర్ 14 రాత్రి షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ మైదానంలో ఏం జరిగిందని బేస్‌బాల్ చూసే అమెరికన్లని అడిగితే చాలామంది ఒకే వాక్యంలో చెప్పేస్తారు: ప్రేక్షకుల్లో ఒకతను చెయ్యి చాపి బంతిని తాకాడు, షికాగో కబ్స్ ఓడిపోయింది.

ఆ రాత్రి స్కోరుషీటు మాత్రం వేరే కథ చెబుతుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఫ్లోరిడా మార్లిన్స్ తరఫున బ్యాటింగ్ పన్నెండుసార్లు జరిగింది. ఎనిమిది పరుగులు వచ్చాయి. కబ్స్ ముగ్గురు పిచర్లను వాడింది. ఒక ఫీల్డర్ తేలికైన బంతిని జారవిడిచాడు. ఇన్ని జరిగిన ఆ కాగితం మీద ఆ ప్రేక్షకుడి పేరు ఎక్కడా లేదు. ఉండే వీలూ లేదు, అతను ఆటలో లేడు కాబట్టి. మరి జ్ఞాపకంలో అతనొక్కడే ఎలా మిగిలాడు?

ముందు ఆ సిరీస్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో రెండు లీగులుంటాయి, అమెరికన్, నేషనల్. ఒక్కో లీగు విజేతను తేల్చడానికి చివర్లో ఆడే సిరీస్‌ని లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్ అంటారు. 1969లో మొదలైంది. మొదట్లో అయిదు మ్యాచ్‌లు, 1985 నుంచి ఏడు. ముందుగా నాలుగు గెలిచినవాళ్లు వరల్డ్ సిరీస్‌కి వెళతారు. అంటే ఇది ఫైనల్ కాదు, ఫైనల్ గడప. గడప మీద ఆగిపోయినవాళ్ల బాధ ఫైనల్లో ఓడినవాళ్ల బాధకంటే ఒకోసారి ఎక్కువగా ఉంటుంది.

కబ్స్‌కి ఆ గడప బాగా ఎత్తయినది. వాళ్లు చివరిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది 1908లో. చివరిసారి అందులో ఆడింది 1945లో. ఆ 1945 చుట్టూ ఒక కథ ఉంది. బిల్లీ సియానిస్ అనే బార్ యజమాని తన పెంపుడు మేకను వెంటబెట్టుకుని వరల్డ్ సిరీస్ మ్యాచ్‌కి వచ్చాడట. కంపు కొడుతోందని మేకను బయటికి పంపించారట. ఇక మీరు గెలవరు పొమ్మని అతను శపించాడట. ఆ ఏడు కబ్స్ డిట్రాయిట్ చేతిలో ఓడిపోయింది. తర్వాత ఓడిన ప్రతిసారీ మేక గుర్తొచ్చింది. ఓటమికి కారణం వెతుక్కునే కష్టం లేకుండా ఒక శాపం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

2003లో ఆ శాపం తీరేలాగే కనిపించింది. డస్టీ బేకర్ మేనేజర్. మార్క్ ప్రయర్, కెర్రీ వుడ్ అనే ఇద్దరు కుర్ర పిచర్ల చేతుల్లో మెరుపులు. మార్లిన్స్‌తో మొదటి మ్యాచ్ ఓడినా తర్వాత వరసగా మూడు గెలిచారు. ఇంకొక్కటి చాలు. అయిదో మ్యాచ్‌లో మార్లిన్స్ పిచర్ జోష్ బెకెట్ కబ్స్‌ని ఒక్క పరుగూ చెయ్యనివ్వలేదు. సరే, ఆరోది సొంత మైదానంలో, ప్రయర్ చేతుల్లో బంతి. ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి 3-0 ఆధిక్యం. ఎనిమిదిలో మొదటి బ్యాటర్ మైక్ మోర్డెకై ఔటయ్యాడు. ఇంకా అయిదు ఔట్లు. యాభై ఎనిమిదేళ్ల నిరీక్షణ అయిదు ఔట్ల దూరానికి వచ్చింది.

హ్వాన్ పియర్ డబుల్ కొట్టి రెండో బేస్ చేరాడు. తర్వాత లూయిస్ కాస్టియో. అతను కొట్టిన ఒక బంతి గాల్లోకి లేచి ఎడమవైపు గీత దాటి, ప్రేక్షకుల గోడ అంచు మీదికి దిగసాగింది. ఫౌల్ బంతి. పట్టుకుంటే ఔట్, లేకపోతే ఏమీ లేదు. లెఫ్ట్ ఫీల్డర్ మొయిసెస్ అలూ గోడ దగ్గరికి పరిగెత్తి ఎగిరాడు. అదే క్షణంలో ముందువరసలోని పలువురు చేతులు చాపారు. వాళ్లలో ఒకతని చేతికి బంతి తగిలి పక్కకు పడింది.

గీత అవతల గాల్లో ఉన్న బంతిని పట్టుకోవాలని చూడటం బేస్‌బాల్ ప్రేక్షకుడికి సరదా మాత్రమే కాదు, దాదాపు హక్కు. చిన్నప్పటి నుంచీ గ్లవ్ పట్టుకుని మ్యాచ్‌కి వెళ్లేది అందుకే. మన క్రికెట్‌లో సిక్సర్ స్టాండ్స్‌లోకి వస్తే మనం చేతులు చాపమా? ప్రేక్షకుడు మైదానం వైపుకి చెయ్యి చాపి ఫీల్డర్‌ని అడ్డుకుంటేనే తప్పు. బంతి గోడ దాటి స్టాండ్స్ వైపుకి వచ్చేసిందని అంపైర్ తేల్చాడు. నియమం ప్రకారం అక్కడ తప్పేమీ జరగలేదు.

అలూ మాత్రం చేతులు విదిలించి, స్టాండ్స్ వైపు చూసి అరిచాడు. ఆ కోపం ఎటు తిరిగిందో నలభై వేల మంది చూశారు.

తర్వాత జరిగినవి వరసగా చెప్పుకుందాం. కాస్టియో ఔటవలేదు. ప్రయర్ విసిరిన నాలుగో బాల్ అదుపు తప్పింది. కాస్టియో మొదటి బేస్‌కి నడిచాడు, పియర్ మూడో బేస్‌కి జరిగాడు. రోడ్రిగెజ్ సింగిల్ కొట్టాడు, 3-1. అప్పుడు మిగెల్ కబ్రేరా నేల బారుగా ఒక బంతి కొట్టాడు, సరిగ్గా షార్ట్‌స్టాప్ అలెక్స్ గొంజాలెజ్ ముందుకి. అతను నమ్మకమైన ఫీల్డర్. ఆ బంతిని పట్టి రెండో బేస్‌కి వేసి ఉంటే ఇద్దరు ఔట్, ఇన్నింగ్స్ ముగిసేది, కబ్స్ ఆధిక్యం నిలిచేది. బంతి అతని గ్లవ్‌లో ఆగలేదు. డెరెక్ లీ డబుల్ కొట్టాడు, 3-3. ప్రయర్ వెళ్లిపోయాడు. ఫార్న్స్‌వర్త్ వచ్చాడు. కావాలని ఒక బ్యాటర్‌కి వాక్ ఇచ్చారు. ఒక ఫ్లై, 4-3. మళ్లీ కావాలని ఇంకో వాక్. మూడు బేసులూ నిండాయి. అప్పుడు బ్యాట్ పట్టుకుని వచ్చింది ఎవరనుకున్నారు? ఇన్నింగ్స్ మొదట్లో ఔటయిన మోర్డెకైయే. డబుల్ కొట్టి ముగ్గురినీ ఇంటికి చేర్చాడు. 7-3. పియర్ మళ్లీ కొట్టాడు. 8-3.

ఇందులో పిచర్ అలసట ఉంది. అలసిన పిచర్‌ని ఇంకా ఉంచిన మేనేజర్ నిర్ణయం ఉంది. షార్ట్‌స్టాప్ గ్లవ్ ఉంది. అన్నిటికంటే ముందు, బాగా ఆడిన ఇంకో జట్టు ఉంది. ఎవరూ మార్లిన్స్ గెలిచారనరు, కబ్స్ పోగొట్టుకున్నారంటారు. ఒకరిని తప్పు పట్టడానికి మొదట చేసే పని అవతలివాళ్ల ప్రతిభని చెరిపెయ్యడం.

రిగ్లీ ఫీల్డ్ 1914 నాటి పాత మైదానం. 2003లో అక్కడ రీప్లేలు చూపించే పెద్ద తెర లేదు. లోపలున్న చాలామందికి బంతి ఎవరికి తగిలిందో సరిగా తెలియదు. ఆ దృశ్యాన్ని మళ్లీ మళ్లీ చూసింది టీవీ ముందున్నవాళ్లు. మైదానం బయట వీధుల్లో టీవీలు పెట్టుకుని చూస్తున్న గుంపులు, లోపలివాళ్లకి వచ్చిన ఫోన్లు, ఇలా ఆ సమాచారం గోడ దాటి వచ్చింది. ఒక్కో పరుగూ వస్తున్నకొద్దీ ఆ రీప్లేకి బరువు పెరిగింది. బంతి తగిలినప్పుడు అది మామూలు సంగతి. ఎనిమిది పరుగుల తర్వాత అదే మహాపరాధం. కారణం ముందు పుట్టలేదు. ఫలితం వచ్చాక వెనక్కి వెళ్లి కారణాన్ని ఎంచుకున్నారు.

చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లతో చూస్తున్న మ్యాచ్‌నే రేడియోలో కూడా వింటూ కూర్చున్న మనిషి అతను. అంత అభిమాని. అతని మీద బీరు పోశారు, చేతికందినవి విసిరారు, బూతులు తిట్టారు. చివరికి భద్రతా సిబ్బంది బయటికి తీసుకుపోవాల్సి వచ్చింది. తెల్లారేసరికి అతని పేరు, ఊరు పత్రికల్లో ఉన్నాయి. ఇంటి ముందు పోలీసుల కాపలా. ఇల్లినాయ్ గవర్నరూ ఫ్లోరిడా గవర్నరూ అతని మీద జోకులు వేశారు. ఒకరు క్షమాభిక్ష పెట్టనన్నారు, ఇంకొకరు ఆశ్రయం ఇస్తానన్నారు. పాలకులు నవ్వుతూ అన్న మాటకి ఇంటిముందు గుంపు నవ్వదు. అతని పేరు ఇప్పటికీ ఒక్క క్లిక్కు దూరంలో ఉంది. అయినా ఇక్కడ రాయడం లేదు. అది తన పేరుగా కాకుండా ఒక తిట్టుగా మారకూడదని అతను కోరుకున్నాడు. ఆపాటి కోరిక మన్నించడానికి మనకి పోయేదేమీ లేదు.

అసలు విషయం ఇంకోటి. ఆ మ్యాచ్‌తో సిరీస్ అయిపోలేదు! మర్నాడు ఏడో మ్యాచ్ ఉంది. అదే మైదానం, పిచర్ కెర్రీ వుడ్. ఆ రోజు కబ్స్ ఒక దశలో 5-3తో ముందుంది కూడా. వుడ్ స్వయంగా హోమ్ రన్ కొట్టాడు. అయినా 9-6తో ఓడింది. ఆ ఏడో మ్యాచ్‌లో ఏ ప్రేక్షకుడూ ఏ బంతినీ తాకలేదు. మార్లిన్స్ వరల్డ్ సిరీస్‌కి వెళ్లి న్యూయార్క్ యాంకీస్‌ని కూడా ఓడించింది. ఈ ఏడో మ్యాచ్ గురించి ఎవరూ మాట్లాడరు.

ఎందుకంటే ఆటగాడికి మర్నాడు ఉంటుంది. గొంజాలెజ్ మళ్లీ బంతి పట్టొచ్చు, మరిచిపోయేలా చెయ్యొచ్చు. ప్రేక్షకుడికి ఇంకో అవకాశం లేదు. పైగా ఆటగాళ్లు మనవాళ్లు. వాళ్లని ద్వేషిస్తే వచ్చే ఏడాది ఎవరికి చప్పట్లు కొడతాం? బయటివాడు దొరికితే ఇల్లు పదిలంగా ఉంటుంది.

ఆటగాళ్లందరికీ మర్నాడు దొరుకుతుందని కూడా కాదు. 1986లో అమెరికన్ లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్. కాలిఫోర్నియా ఏంజెల్స్ బోస్టన్ మీద 3-1తో ముందుంది. అయిదో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక్క స్ట్రైక్ దూరంలో, పిచర్ డానీ మూర్ వేసిన బంతిని డేవ్ హెండర్సన్ హోమ్ రన్ కొట్టాడు. ఏంజెల్స్ ఆ మ్యాచ్ ఓడింది, తర్వాతి రెండూ ఓడింది. మూర్‌ని సొంత మైదానంలోనే అభిమానులు గేలి చేసేవాళ్లు. 1989 జూలైలో అతను భార్య మీద కాల్పులు జరిపి, తనను తాను కాల్చుకుని చనిపోయాడు. ఆమె బతికింది. ఆ హోమ్ రనే అతన్ని చంపిందని చాలామంది రాశారు. అది కూడా అదే అలవాటు. గాయాలు, ముగిసిన కెరీర్, ఇంట్లో హింస, అన్నీ పక్కకి పోయి ఒక్క బంతి మిగిలింది. జాలితో రాసినా సరే, ఒకే కారణం కావాలనే ఆత్రం అదే.

లేవీయకాండంలో రెండు మేకల ప్రస్తావన ఉంది. ఒకదాన్ని బలిస్తారు. రెండోదాని తల మీద జనం పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని అరణ్యంలోకి తోలేస్తారు. ఇంగ్లిష్‌లో స్కేప్‌గోట్ అనే మాట ఈ రెండో మేక నుంచి వచ్చింది. మనం దాన్ని బలిపశువు అని తెలుగు చేసుకున్నాం కానీ, తేడా ఉంది. బలిపశువు చచ్చిపోతుంది, కథ ముగుస్తుంది. రెండో మేక బతికే ఉంటుంది, మోస్తూ తిరుగుతుంది. 1945లో మైదానం నుంచి మేకని గెంటేసిన ఊరు, 2003లో ఇంకో దాన్ని గెంటేసింది.

ఆ బంతి అతని చేతికి కూడా దక్కలేదు. ఇంకెవరో ఏరుకుని వేలంలో అమ్మారు. షికాగోలోని హ్యారీ కేరీస్ రెస్టారెంట్ వాళ్లు లక్షా పదమూడు వేల డాలర్లకి పైగా పెట్టి కొని, 2004 ఫిబ్రవరిలో అందరి ముందూ పేల్చేశారు. తర్వాత ఆ ముక్కల్ని మరిగించిన ఆవిరిని పాస్తా సాస్‌లో కలిపి వడ్డించారు. శాపం పోవడానికి. ఇటు అతను మాత్రం ఒక క్షమాపణ ప్రకటన ఇచ్చి మౌనంగా ఉండిపోయాడు. ఇంటర్వ్యూలకి, ప్రకటనలకి డబ్బిస్తామంటే ఒప్పుకోలేదు. ఫ్లోరిడా అభిమానులు కానుకలు పంపబోతే, మధుమేహ పరిశోధనకి ఇచ్చెయ్యమన్నాడు. తన పేరు అమ్ముకునే హక్కు అందరికంటే ముందు ఉన్నది అతనికే. అతనొక్కడే అమ్మలేదు.

2016 అక్టోబర్ 22న, అదే రిగ్లీ ఫీల్డ్‌లో, అదే నేషనల్ లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో కబ్స్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ని 5-0తో ఓడించింది. గడప దాటింది. నవంబర్‌లో క్లీవ్‌లాండ్ మీద ఏడు మ్యాచ్‌ల వరల్డ్ సిరీస్ గెలిచింది. 108 ఏళ్ల తర్వాత. 2017లో విజేతలకిచ్చే ఉంగరాన్ని కబ్స్ యాజమాన్యం అతనికి కూడా ఇచ్చింది.

మంచి పనే. చాలామంది కళ్లు చెమర్చాయి కూడా. కానీ ఆ ఉంగరం ఒక ప్రశ్న మిగిల్చింది. ఊరు అతన్ని క్షమించిందని రాశారు. దేనికి? క్షమించాలంటే తప్పు ఉండాలి కదా. ఒకవేళ 2016లో కూడా కబ్స్ ఓడి ఉంటే ఆ ఉంగరం ఉండేది కాదు, బహుశా ఆ క్షమా ఉండేది కాదు. గెలిచాక చూపించే ఉదారత ఓడినప్పటి క్రౌర్యానికి అవతలి వైపు అంతే. రెండిట్లోనూ నిర్ణయం గుంపుదే, అతనిది కాదు. అతను ఉంగరం తీసుకుని, కృతజ్ఞతలు చెప్పి, ఆటని ఆటలాగే చూద్దాం, ఒకరి పట్ల ఒకరం దయగా ఉందాం అన్న అర్థం వచ్చేలా నాలుగు మాటలు రాసి, మళ్లీ మౌనంలోకి వెళ్లిపోయాడు. ఊరు అతనికి క్షమాపణ చెప్పాల్సిన చోట, కృతజ్ఞత కూడా అతనే చెప్పాడు.