అత్తయ్య గుండె, సుబ్బారావు గారి పేరు

ఆరంబాక్కంలో ఉండే మా మేనత్తకి పోయిన ఏడాది ఒక రాత్రి ఉన్నట్టుండి గుండెదడ పట్టుకుంది. పనేమీ చేయలేదు, పడుకుని ఉంది, అంతే. నాడి నిమిషానికి 180 దాటింది. మద్రాసు తీసుకెళ్తే డాక్టరు చేతి నరానికి ఒక సూది వేసి, మానిటరు చూడమన్నాడు. గీత రెండు మూడు సెకన్లు చదునుగా సాగింది. మా ప్రాణాలు పైనే పోయాయి. ఆ తర్వాత గుండె మామూలుగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ మందు పేరు అడెనోసిన్.

మర్నాడు ఇంటి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: "అది కనిపెట్టింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారే!" అందరం సంబరపడ్డాం. కానీ మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, సరిచూడకుండా దేనికీ సరే అనలేము. పైగా మేము చదివింది కన్నడ మీడియంలో. ఆయన పేరు మాకు పాఠాల్లో దొరకలేదు, తాతయ్య నోట విన్నదే. అలా దక్కిన పేరు పక్కన తప్పుమాట చేర్చి మా పిల్లలకి ఇవ్వాలనిపించలేదు.

సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు పై డిగ్రీ పోయి, చిన్నదైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. 1922లో అమెరికా వెళ్ళి, బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడుగుతూ హార్వర్డ్‌లో చదువుకున్నారు.

అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన పట్టుకున్నది గుండెని కాదు, భాస్వరాన్ని. రక్తంలో, కండరంలో అది ఎంతుందో రంగు చూసి లెక్కగట్టే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ లెక్క చేతికి రాగానే కండరంలో దాక్కున్నవి ఒక్కొక్కటే బయటపడ్డాయి: 1927లో ఫాస్ఫోక్రియేటిన్, 1929లో ఏటీపీ. కండరం కదలడానికి కావలసిన శక్తి ఈ ఏటీపీ నుంచే వస్తుంది, గుండె కండరానికి కూడా. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు.

ఏటీపీ అంటే అడెనోసిన్‌కి మూడు ఫాస్ఫేట్లు తగిలించినది. గ్రూపులో వచ్చిన మాటకి మూలం ఇదేనేమో. కానీ గుండె లయ మీద అడెనోసిన్ పని చూసినవాళ్ళు వేరే. 1929లోనే కేంబ్రిడ్జిలో అలన్ డ్రూరీ, ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ గుండె కండరం నుంచి తీసిన రసాన్ని జంతువులకి ఎక్కించి చూస్తే గుండె నెమ్మదించింది. అందులో పనిచేసేది అడెనోసిన్ జాతి పదార్థమని తేల్చారు. అదీ ఇదీ ఒకే ఏడాది, కానీ వేరువేరు ఊళ్ళు, వేరువేరు ప్రశ్నలు.

ఆ సంగతి అమెరికాలో అనుమతి పొందిన మందుగా మారడానికి 1989 దాకా పట్టింది. అత్తయ్యకి వచ్చిన రకం దడలో, పై గదులకీ కింది గదులకీ మధ్య కరెంటు ఒక చుట్టుదారిలో పడి అక్కడక్కడే తిరుగుతుంది. అడెనోసిన్ ఆ గదుల మధ్య ఉండే ద్వారాన్ని కొన్ని సెకన్లు మూసేస్తుంది. చుట్టు తెగిపోగానే గుండె సొంత తాళం మళ్ళీ అందుకుంటుంది. సగం మందు పది సెకన్లలోపే రక్తంలో కరిగిపోతుంది, అందుకే సూది గబుక్కున వేసి వెంటనే సెలైన్ తోస్తారు. మేము చూసిన చదును గీత మందు పనిచేస్తున్న గుర్తేనట.

సుబ్బారావు గారు ఆ సూదిని చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకి, నిద్రలోనే గుండె ఆగి పోయారు.

ఇదంతా గ్రూపులో రాశాం. ఒకరిద్దరు చిన్నబుచ్చుకున్నారు, మన గొప్ప మనమే తగ్గించుకోవడం ఏమిటని. తగ్గించలేదు. గుండెకి బలం ఎక్కడినుంచి వస్తుందో చూపించినవాళ్ళలో ఆయన ఒకరు, అది చాలదా? లేనిది తగిలిస్తే రేపు పిల్లలు సరిచూసుకున్నప్పుడు ఉన్నది కూడా నమ్మరు.

చదివి వినిపిస్తే అత్తయ్య అంది: "అయితే ఆయన లెక్క కట్టాడు, ఇంకొకళ్ళు గుండె చూశారు. నాకు ఇద్దరూ కావాల్సినవాళ్ళే కదరా."

దడ వచ్చినప్పుడు తీసిన ఈసీజీ కాగితాన్ని మాత్రం పారేయకుండా బీరువాలో పెట్టుకుంది. మళ్ళీ వస్తే డాక్టరుకి ముందు అదే చూపించాలట.