కామెర్లకు ఇంటిపేర్లు

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత. అత్తగారి మీద కోడలూ, కోడలి మీద అత్తగారూ వంతులేసుకుని ప్రయోగించే సామెత ఇది. నిజానికి ఆ రోగిని అడిగి చూడండి. అతనికి లోకం మామూలుగానే కనిపిస్తుంది. లోకానికే అతను పచ్చగా కనిపిస్తాడు! కళ్ళు పచ్చబడ్డాయన్న సంగతి ముందు కనిపెట్టేది పక్కవాళ్ళే. కనిపెట్టి ఊరుకుంటారా? "నేల ఉసిరి నూరి ఇవ్వండి" అంటారొకరు. "ఫలానా ఊళ్ళో పసరు పోస్తారు, మూడు ఆదివారాలు వెళ్ళి రండి" అంటారు ఇంకొకరు. "ఇవన్నీ ఎందుకు, తలమీద దండ వేయిస్తే అదే దిగిపోతుంది" అంటారు మూడో ఆవిడ. ఆ రోజు నుంచి ఇంట్లో నూనె బంద్, పోపు బంద్, పసుపు బంద్. చప్పిడి మెతుకులు, మజ్జిగ.

చిత్రమేమిటంటే, చాలామందికి తగ్గిపోయేది కూడా. తగ్గకపోతే ఆ మందులు ఇన్ని తరాలు నిలుస్తాయా? మరి కొందరికి ఎందుకు తగ్గలేదు? ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి వేల ఏళ్ళు పట్టింది.

చరక సంహితలో పాండురోగాన్ని గురించి చెప్పిన అధ్యాయంలోనే కామల గురించీ ఉంది. కళ్ళూ, గోళ్ళూ పచ్చబడటం అంత పాతకాలంలోనే గమనించారన్నమాట. కానీ ఏ దేశంలోనైనా వైద్యుడికి కనిపించింది రంగే. లోపల ఏం జరుగుతోందో చూసే దారి లేదు. మన రక్తంలో ముసలివైపోయిన ఎర్రకణాలు రోజూ విరిగిపోతుంటాయి. అప్పుడు పుట్టే పచ్చటి పదార్థమే బిలిరూబిన్. దాన్ని పైత్యరసంలో కలిపి బయటికి పంపే పని కాలేయానిది. కాలేయం వాచినా, పైత్యనాళానికి రాయి అడ్డుపడినా, ఎర్రకణాలే మరీ ఎక్కువగా విరిగిపోయినా ఆ పచ్చదనం ఒంట్లోనే మిగిలిపోతుంది. అంటే కామెర్లు జబ్బు కాదు, జబ్బు ఉందని చెప్పే గుర్తు. పొగ కనిపించగానే పొయ్యి ముట్టించారో, ఇల్లే అంటుకుందో చూడొద్దూ?

ఇందులో ఒకటికంటే ఎక్కువ జబ్బులున్నాయని గట్టిగా తెలియడానికి యుద్ధం రావలసి వచ్చింది. 1942లో అమెరికా సైనికులకు ఎల్లో ఫీవర్ రాకుండా టీకాలు వేశారు. ఆ టీకామందు చెడిపోకుండా మనుషుల రక్తంలోని సీరం కలిపారు. సుమారు 50,000 మంది సైనికులకు కామెర్లు వచ్చాయి! పచ్చజ్వరం రాకూడదని వేస్తే ఒళ్ళే పచ్చబడింది. నీళ్ళ ద్వారా, తిండి ద్వారా వచ్చే కామెర్లు వేరు, రక్తం ద్వారా వచ్చేవి వేరు అని తేలింది. 1947లో బ్రిటిష్ వైద్యుడు మెక్కలమ్ మొదటి దానికి హెపటైటిస్ ఏ, రెండో దానికి హెపటైటిస్ బీ అని పేర్లు పెట్టాడు. కామెర్లకు ఇంటిపేర్లు ఏర్పడటం అలా మొదలైంది.

ఇక మన దేశం సంగతి. 1955 వర్షాకాలం తర్వాత ఢిల్లీలో యమున పొంగి, తగ్గుతూ తగ్గుతూ దారి మార్చుకుంది. నజఫ్‌గఢ్ కాలువలోని మురుగు వెనక్కి మళ్ళి, ఊరికి మంచినీళ్ళు తోడే వజీరాబాద్ దగ్గరకు చేరింది. అధికారులు కంగారుపడి క్లోరిన్ ఎక్కువ కలిపారు. టైఫాయిడ్, విరేచనాలు రాలేదు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ క్లోరిన్‌కు లొంగని సూక్ష్మజీవి ఒకటి కుళాయిల్లోంచి ఇళ్ళలోకి నడిచి వచ్చింది. డిసెంబరు, జనవరి నెలల్లో దాదాపు 29,000 మందికి కామెర్లు. మగవాళ్ళూ, కడుపుతో లేని ఆడవాళ్ళూ చాలామంది కోలుకున్నారు. గర్భవతులు మాత్రం మిగతావాళ్ళకంటే ఎంతో ఎక్కువగా చనిపోయారు.

అప్పట్లో అది హెపటైటిస్ ఏ అనే అనుకున్నారు. దాచి ఉంచిన ఆనాటి రక్తనమూనాలను 1980లో కొత్త పరీక్షలతో చూస్తే, ఏ కాదు, బీ కాదు! 1983లో బలయాన్ అనే సోవియట్ శాస్త్రవేత్త రోగుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే తాగి, కామెర్లు తెప్పించుకుని మరీ ఆ వైరస్‌ను కనిపెట్టాడు. తర్వాత దానికి హెపటైటిస్ ఈ అని పేరొచ్చింది. మామూలు మనిషికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోయే ఈ జబ్బు, నెలలు నిండుతున్న తల్లికి సోకితే ఆ తల్లుల్లో 20 నుంచి 25 శాతం వరకూ ప్రాణాలు పోవచ్చు. పసరు కోసం మూడు ఆదివారాలు ఎదురుచూసే వ్యవధి ఆమెకు ఉండదు.

రక్తం ద్వారా వచ్చే బీ వైరస్ దొరికిన కథ వేరు. అమెరికాలో బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్త దేశదేశాల రక్తం పోల్చి చూస్తూ, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కొత్త పదార్థం ఒకటి చూశాడు. 1965లో దాన్ని ప్రకటించాడు కానీ అదేమిటో తెలియదు. ఆయన ప్రయోగశాలలో బార్బరా వెర్నర్ అనే అమ్మాయి రోజూ ఆ పరీక్షలు చేసేది. 1967లో ఆమెకు ఒంట్లో బాగుండలేదు. మూత్రం ముదురు రంగులో వచ్చింది. ఎవరినీ అడగలేదు. తన రక్తాన్నే తీసి తనే పరీక్షకు పెట్టుకుంది. ఫలితం చూస్తే సన్నని గీత! ఆ పరీక్షతో గుర్తించిన మొదటి హెపటైటిస్ ఆమెదే. తర్వాత పూర్తిగా కోలుకుంది. బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పుట్టినరోజైన జూలై 28న ప్రపంచ హెపటైటిస్ దినం జరుపుకుంటున్నాం.

ఈ బీ వైరస్ గుణం ఎలాంటిదంటే, పెద్దవాళ్ళకు సోకితే చాలామంది వదిలించుకుంటారు. పుట్టేటప్పుడు తల్లి నుంచి బిడ్డకు సోకితే మాత్రం, 100 మందిలో 90 మందిలో జీవితాంతం ఉండిపోతుంది. కళ్ళు పచ్చబడవు, నొప్పి ఉండదు. లోలోపలే కాలేయం మచ్చలు పడి, గట్టిపడి, ముప్ఫై నలభై ఏళ్ళకు సిరోసిస్ గానో, కాన్సర్ గానో బయటపడుతుంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేసే టీకా దీన్ని చాలావరకు ఆపుతుంది. ఆ టీకా ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చేది, ధర చూస్తే మధ్యతరగతి వాళ్ళకే గుండె ఆగేది. వరప్రసాద్ రెడ్డిగారు హైదరాబాదులో తల్లిగారి పేరున శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో ఆ టీకాను ఇక్కడే తయారుచేసి చౌకగా అందించారు. తల్లి నుంచి బిడ్డకు వచ్చే జబ్బుకు మందు ఒక తల్లి పేరున రావడం నాకెంతో నచ్చిన సంగతి.

మరి మన నేల ఉసిరి మాటేమిటి? దాన్ని ఎవరూ చులకన చెయ్యలేదండీ. సాక్షాత్తూ ఆ బ్లంబర్గే మద్రాసు వైద్యులతో కలిసి పరీక్షించాడు. 1988లో అచ్చయిన ఆ పరిశోధనలో, మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో బీ గుర్తు మాయమైంది. ఆశ పుట్టింది. కానీ తర్వాత ఇతరచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. పసరు పేరు నిలబెట్టింది ఎవరో ఇప్పుడు తెలిసింది కదా? ఏ, ఈ రకాల కామెర్లు. వాటంతటవే తగ్గాయి, ఘనత పసరుకు దక్కింది.

1989లో సీ కూడా బయటపడింది. రక్తం ఎక్కించుకున్నవాళ్ళను ఏళ్ళ తరబడి వేధించిన ఆ రకం ఇప్పుడు 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి నయమవుతోంది. ఆ మాత్రలు 2015 నుంచి హైదరాబాదు కంపెనీలే చేస్తున్నాయి. సారా వల్ల కాలేయం చెడుతుందని అందరికీ తెలుసు. చుక్క ముట్టని ఇల్లాళ్ళకు కూడా బరువు వల్ల, షుగరు వల్ల కాలేయానికి కొవ్వు పడుతుందని మాత్రం ఈమధ్యనే వింటున్నాం.

మనం డాక్టర్లం కానక్కర్లేదు. ఇంట్లో ఎవరి కళ్ళయినా పచ్చబడితే "ఏ మందు?" అని అడిగే ముందు "ఏ కామెర్లు?" అని అడిగితే చాలు. ఒక్క రక్తపరీక్ష దాని ఇంటిపేరు చెబుతుంది. కడుపుతో ఉన్న పిల్లకైతే ఆ ప్రశ్న కూడా ఆస్పత్రికి వెళ్ళే దారిలోనే అడగండి. బలహీనత ఎక్కువై, మాట తడబడి, మగతగా పడుకుంటుంటే అసలు ఆలస్యం వద్దు. చప్పిడి కూడు పెట్టి నీరసింపజెయ్యకండి, సహించినంత కడుపునిండా పెట్టండి. నీళ్ళు కాచి ఇవ్వండి. పక్కింటావిడ పసరు సంగతి ఎత్తితే, ఆవిడ మనసు నొప్పించకుండా చక్కటి కాఫీ ఇచ్చి పంపండి. ఆ తర్వాత ఆటో పిలవండి.