తోక తెగిన గుర్రం

మొన్న ఆదివారం మా బోరబండ ఇంట్లో అమ్మా నేనూ వరండాలో కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాం. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"అబ్రివియేట్, అబ్రిడ్జ్, కర్టెయిల్... అన్నింటికీ తగ్గించడమనేగా అర్థం? ఇన్ని మాటలెందుకమ్మా?"

బి.ఏ. చదివి, నవలలు రాసేదాన్ని. తెలీదంటే పరువేం కావాలి?

మొదటిదానికి ఉదాహరణ మా పొరుగునే ఉంది, ఎస్.ఆర్.నగర్. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977 నుంచి 1982 దాకా రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి గారి పేరది. 2017లో మెట్రో రైలు వచ్చాక స్టేషనుకీ ఆ పొడి అక్షరాలే మిగిలాయి. అయితేనేం? పేరు పొట్టిదైందిగానీ పేట తరిగిపోలేదు. అదీ అబ్రివియేట్ అంటే.

అబ్రిడ్జ్ దానికి స్వయానా అక్కచెల్లెలే. ఇద్దరి పుట్టిల్లూ లాటిన్‌లో పొట్టి అని అర్థమున్న బ్రెవిస్ అనే మాట. ఒకతె ఫ్రెంచి వారింట కాపురం చేసి కట్టూబొట్టూ మార్చుకుంది, అంతే! పుస్తకాన్ని సారం పోకుండా కుదిస్తే అబ్రిడ్జ్. మన సంగ్రహం అన్నమాట. ఖండవల్లి లక్ష్మీరంజనం గారి సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి వచ్చిన విజ్ఞానకోశానికి పేరులోనే సంగ్రహం ఉంది. ఎంతలో చెప్పాలో ముందే కొలత వేసుకుని చేసిన పని అది.

కర్టెయిల్ కథ వేరు. తోక కత్తిరించిన గుర్రాన్ని ఇంగ్లీషులో వెనక కర్టల్ అనేవారు. ఆ మాటే మారి ఇలా అయింది. సాగవలసినదాన్ని మధ్యలో తెగ్గొట్టడమన్నమాట.

దీనికీ మన ఊరితో ముడిపడ్డ మనిషి కథే గుర్తొస్తుంది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి హైదరాబాదులో వెలియడానికి పాటుపడ్డ కొమర్రాజు లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. మూడు సంపుటాలొచ్చినా ఇంకా అకారం దగ్గరే ఉన్నారు. 1923లో, నలభై ఆరేళ్లకే కన్నుమూశారు. ఇంచుమించు నా ఈడు! 'అ' దగ్గర ఆగిన ఆ పుస్తకాన్ని సంగ్రహమని ఎవరంటారు? తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పని మళ్లీ చేపట్టారనుకోండి. తెగినదాన్ని అతకడానికి ఎవరో ఒకరు రావాలి కదా.

అంతా విని మా అమ్మాయి అమ్మమ్మ వైపు తిరిగింది.

"అయితే అమ్మమ్మ చదువు?"

నా చెయ్యి ఆగింది. పదో తరగతి పరీక్షలు మూడు నెలల్లో ఉన్నాయనగా అమ్మకి పెళ్లి చేశారు. గోడ గడియారం దానంతటదే ఆగినట్టు, "అమ్మ చదువు ఆగిపోయింది" అనే మా ఇంట్లో ఇన్నేళ్లూ చెప్పుకున్నాం. నేనూ అలాగే చెప్పాను. ఆపిందెవరని ఒక్కనాడూ అడగలేదు.

"అది కర్టెయిలే," అన్నాను మెల్లిగా.

అమ్మ తలెత్తకుండా ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది.

"గుర్రాన్ని అడిగి కోశారటే?" అంది.