ఆధునిక కవిత్వమున వసంతము – శోకము

వసంతమనగనే మావిచిగురు, కోకిల, మల్లెలు, మన్మథుడు స్మృతికి వచ్చుట సహజము. కాని ఆ ఋతువునకు సంతోషముతో ఎంత పాత చుట్టరికము కలదో శోకముతోను అంత పాత చుట్టరికమే కలదు. కాళిదాస మహాకవి 'కుమారసంభవము'న, హరుని కంటిమంటకు మన్మథుడు భస్మమైన పిమ్మట, రతీదేవిని పలుకరింప వచ్చినవాడు వసంతుడే. భర్తకు ప్రాణమిత్రుడైన వానిని చూడగనే ఆమె దుఃఖము తగ్గలేదు సరికదా, ఇబ్బడించినది. 'రఘువంశము'న ఇందుమతి ఉద్యానవనములో, భర్త సమీపముననే, పూలదండ తాకి మరణించును. ఆమె పాదతాడనముచే పూయవలసిన అశోకవృక్షమును తలచి అజమహారాజు విలపించును. ఆమె కురులకు కావలసిన పూవులు ఆమె పితృకార్యమునకు వాడవలసి వచ్చునే యని ఆతని బాధ.

మన ప్రబంధకవులు ఈ మార్గమున అంత దూరము పోలేదు. వారి వసంతుడు చిలుకలను, తుమ్మెదలను, మలయమారుతమును సైన్యముగా గొని విరహిణిపై దండెత్తును. చదువరికి మాత్రము భయము లేదు. కథాంతమున సమాగమము తప్పదు. వరూధినికి ప్రవరుడు దక్కకున్నను మాయాప్రవరుడైన దక్కెను గదా! తంజావూరు నాయకరాజుల కొలువున వెలసిన శృంగారకావ్యములదియు ఇదే దారి. విరహమునకు గడువు కలదు, మరణమునకు లేదు. పైగా ఆ దుఃఖము పాత్రలది; కవి తన యింటి దుఃఖమును చెప్పుట అరుదు.

ఇరువదవ శతాబ్దమున ఈ పద్ధతి మారినది. ఆంగ్లవిద్య ఇందుకొక కారణము. 1821లో కీట్సు రోము నగరమున చిన్నవయసున మరణింపగా షెల్లీ 'అడొనెయిస్' అను స్మృతికావ్యమును వ్రాసెను. శీతకాలము పోయి జీవకోటి యంతయు తిరిగి మేల్కొనుచుండగా పోయిన మిత్రుడు మాత్రము రాడను ఆవేదన అందు కలదు. మంచు కరగి పచ్చదనము వచ్చు దేశమున ఆ భావమునకు గల బలము వేరు. మన చైత్రమున చిగురుతోపాటే ఎండయు ముదురును. మామిడి పిందె పట్టు వేళకే వేపయు పూచును. కనుక మన కవి షెల్లీని చదివినను, షెల్లీ వసంతమును ఉన్నదున్నట్లు తెచ్చుకొనజాలడు.

దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి విషయము ఇచ్చట ముఖ్యము. పిఠాపురము చేరువనున్న చంద్రంపాలెమున 1897లో జన్మించిన ఆయన 1920లో వైద్యమునకై రైలులో బళ్ళారి పోవుచు, దారిలోని ప్రకృతిని చూచి 'కృష్ణపక్షము'నకు ప్రేరణ పొందిరని చెప్పుదురు. నేడు కర్ణాటకమున నున్న బళ్ళారి నాడు మద్రాసు రాజధానిలోనిది. 1922లో ఆయనకు భార్యావియోగము సంభవించినది. 1925లో కావ్యము వెలువడినది. చెట్టుచేమలలో కలిసిపోవలెనను ఆనందమును, కన్నీటినే నేస్తముగా చేసికొన్న విషాదమును ఆ ఒక్క పుస్తకముననే కలవు. అందలి గీతమొకటి 1982లో 'మేఘసందేశము' చలనచిత్రము ద్వారా ఇంటింట వినబడినది. పాడుకొనువారిలో ఎందరు దాని ప్రక్కనున్న చీకటిని చదివిరో! కావ్యమునకు పేరే చీకటిపక్షము. వసంతము ఇందు దండెత్తి వచ్చిన శత్రువు కాదు; తనను బయట నిలిపి తలుపు మూసికొన్న చుట్టము.

కోకిలను కవులు తరచు ఆడుదానిగా భావింతురు. కుహూరవము చేయునది మగపక్షియని పక్షిశాస్త్రజ్ఞుల మాట. జోడును కోల్పోయిన కవి నోట ఆ పక్షి పేరు విన్నప్పుడు నాకీ సంగతి తలపునకు వచ్చుచుండును.

ఈ భావము మన యిండ్లలో కవులకంటె ముందే ఆచారముగా నున్నది. ఇంట మరణము సంభవించిన యేడు పండుగ చేయము. పంచాంగము మారును, వేపపూత రాలును, ఆ గడపకు మాత్రము తోరణముండదు. తమిళదేశమున మన ఇరుగుపొరుగులకు సంవత్సరాది సౌరమానమున ఏప్రిలు నడుమ వచ్చును. చాంద్రమానపు ఉగాది వారికి మామూలు దినము. నా భార్య ఫాల్గుణమున పోయినది. ఆ ఉగాదినాడు మా వీధిలో పండుగయని తెలిసినవారు లేరు. కనుక మా గడప వెలితియు ఎవరి కంటను పడలేదు. ఉద్యోగరీత్యా స్వభాషాప్రాంతము విడిచి స్థిరపడిన కుటుంబములవారికి ఇది వివరింప నక్కరలేదు. కృష్ణశాస్త్రిగారి పద్యములు నాకు నిజముగా అర్థమైనది ఆ దినముననే.

విశ్వనాథ సత్యనారాయణగారు ఇంకొక అడుగు వేసి, గతించిన భార్య పేరునే కావ్యమునకు పెట్టి 'వరలక్ష్మీ త్రిశతి' వ్రాసిరి. 'తెలుగు ఋతువులు' వర్ణించిన కలమే అదియు. ఈ శోకకవిత్వమును ఆక్షేపించినవారును కలరు. అక్కిరాజు ఉమాకాంతముగారి 'నేటికాలపు కవిత్వము' 1928లో వెలువడి భావకవులను తీవ్రముగా ఖండించినది. అనుకరించినవారి కన్నీరు అరువు కన్నీరే, అందు సందేహము లేదు. అంతమాత్రమున మూలమును నిందింపరాదు. పిమ్మట శ్రీశ్రీ కాలమున కవిత్వము వేరు బాట పట్టినది.

కృష్ణశాస్త్రిగారు 1951 నాటి 'మల్లీశ్వరి' మొదలు చలనచిత్రములకు పాటలు వ్రాసి, మద్రాసులోనే స్థిరపడిరి. వార్ధక్యమున వ్యాధివలన కంఠము మూగపోయినను కలము నిలువలేదు. 1980 ఫిబ్రవరి 24వ తేదీన మద్రాసుననే పరమపదించిరి. అది ఫాల్గుణ మాసము, శుక్లపక్షము. ఉగాదికి నెల దినములైన లేవు.