ఇల్లు మారేటప్పుడు పెరటి మొక్కలు: ఏవి వెంట, ఏవి కొమ్మగా, ఏవి అక్కడే

ఇంటి సామాను ఒక్క పూటలో లారీ ఎక్కుతుంది. మొక్కల సంగతి వేరు. బయలుదేరే రోజున పెరికిన మొక్కకు నీటిని పీల్చే సన్నని వేళ్లు తెగిపోతాయి. ఆకులు కోల్పోయే తేమను పూడ్చుకోలేక అది వాడిపోతుంది. అందుకే ఏ మొక్కను తరలించాలో, దేని కొమ్మ సరిపోతుందో, దేనిని వదలాలో రెండు నెలల ముందే తేల్చుకోవడం మేలు.

మొక్క ఎవరిది?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నేలలో వేళ్లూనిన చెట్లు, పొదలు భూమికి అంటి ఉన్నవాటి కిందికే వస్తాయి. పత్రంలో వేరుగా రాసుకోకపోతే, ఇంటితోపాటు అవి కూడా కొన్నవారికే చెందుతాయి. అద్దెకున్నవారికి ఇదే చట్టంలోని 108వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తోంది. ఒప్పందంలో అభ్యంతరం లేకపోతే, ఇల్లు తమ స్వాధీనంలో ఉన్నంతవరకు తాము నాటినవాటిని తీసుకోవచ్చు. అయితే స్థలాన్ని మునుపటి స్థితిలోనే అప్పగించాలి. గుంతలు పూడ్చడం అందులో భాగమే. ముందుగా యజమానితో మాట్లాడుకుంటే తగవు ఉండదు. సొంత కుండీలకు ఈ చిక్కు లేదు.

కొమ్మ, అంటు, పిలక

చాలా మొక్కలను పెకలించనవసరం లేదు. మందారం, నందివర్ధనం కొమ్మలను జానెడు పొడవున కత్తిరించి, కింది ఆకులు తుంచి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడలో ఉంచితే వేళ్లు వస్తాయి. మల్లెకు నేలంటు అనువైనది. కొమ్మను వంచి, కణుపు వద్ద బెరడును కొద్దిగా గీరి, మట్టి కప్పి తడి ఆరకుండా చూడాలి. వేళ్లు పట్టాకే తల్లి మొక్క నుంచి వేరు చేయాలి. కరివేప చెట్టు చుట్టూ వచ్చే పిలకను వేరుతో సహా తీసి కుండీలో నాటుకోవచ్చు. కరివేప గింజలు మొలకెత్తే శక్తిని త్వరగా కోల్పోతాయి కనుక పండిన వెంటనే విత్తాలి. తులసికి ఎండిన వెన్నులు చాలు.

పెకలించక తప్పకపోతే

ఇందుకు వానాకాలం అనుకూలం, నడివేసవి ప్రతికూలం. నెల ముందు మొక్క చుట్టూ గుండ్రంగా పార దింపి వేళ్లు కోసి వదిలితే, లోపలివైపు కొత్త పిల్లవేళ్లు పుడతాయి. తీసే ముందురోజు బాగా నీరు పెట్టాలి. సాయంత్రం మట్టిగడ్డ చెదరకుండా తీసి తడి గోనెపట్టాలో కట్టాలి. కొమ్మలను కొంత కత్తిరిస్తే వేళ్లపై భారం తగ్గుతుంది. పిండినల్లి, పొలుసు పురుగులు ఉన్నాయేమో ఆకుల అడుగున చూడాలి. లేకుంటే అవి కూడా కొత్త పెరటికి చేరతాయి.

దేశం దాటితే

విదేశాలకు మొక్కలు తీసుకెళ్లాలంటే సాధారణంగా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఆ దేశపు అనుమతి కూడా అవసరం కావచ్చు. కరివేప నిమ్మ కుటుంబానికి చెందినది. నిమ్మజాతి తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును వ్యాపింపజేసే సిల్లా పురుగు కరివేపపైనా బతుకుతుంది. అందువల్ల అమెరికాలో నిర్బంధ ప్రాంతాల నుంచి కరివేప మొక్కలను బయటికి తరలించడంపై ఆంక్షలున్నాయి. అక్కడ ఇల్లు మారే తెలుగు కుటుంబాలు ఈ సంగతి ముందే విచారించుకోవాలి.

కొత్త పెరట్లో

వచ్చిన రోజే నాటకూడదు. వారంపాటు మొక్కలను అరనీడలో ఉంచి, ఎండ ఎక్కడ ఎంతసేపు పడుతోందో గమనించాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలడంతో గోడల నీడ మారుతుందని గుర్తుంచుకోవాలి. మల్లెకు మంచి ఎండ తగిలే చోటు చూడాలి. పెద్ద చెట్లను గోడలకు, నీటి గొట్టాలకు దూరంగా నాటాలి.

వదలక తప్పని చెట్టుకు నీరు ఎప్పుడు పెట్టాలో తరువాత వచ్చేవారికి చెప్పి వెళ్లడం కూడా ఈ ప్రణాళికలో భాగమే.