న్యూట్ పిండము నేర్పిన పాఠము

కప్పను ఎరుగనివారుండరు. దాని బంధువైన న్యూట్‌ను చూచినవారు మాత్రము మనలో అరుదు. చూపునకు అది బల్లివలె ఉండును; కాని పొలుసులుండవు, చర్మము మెత్తన. కప్ప పెద్దదైనపుడు తోకను పోగొట్టుకొనును; న్యూట్‌కు అది జీవితాంతము నిలుచును. తెలుగునాట ఇవి లేవు. డార్జిలింగు కొండలలో ఒక జాతి కలదు. ఐరోపా చెరువులలో ఇవి సాధారణ ప్రాణులు.

ఉభయచరముల గ్రుడ్డుకు పెంకు ఉండదు. పారదర్శకమైన జిగురు పొరలో, నీటియందే పిండము పెరుగును. కావున దాని ఎదుగుదలను మొదటినుండియు భూతద్దముతో చూడవచ్చును. సన్నని పనిముట్లతో కోయవచ్చును.

జర్మనీ శాస్త్రజ్ఞుడు హాన్స్ స్పేమన్ ఈ సౌకర్యమును వినియోగించుకొనెను. పసిబిడ్డ వెంట్రుకతో ఉచ్చువేసి న్యూట్ గ్రుడ్డును నడుమ బిగించెను. కొన్నిసార్లు రెండు పూర్తి పిండములు వచ్చెను. కొన్నిసార్లు ఒక సగము పిండముకాగా, రెండవ సగము ఆకారము లేని ముద్దగా మిగిలెను. అట్లయిన ఆకారమునిచ్చు శక్తి గ్రుడ్డులో ఏ భాగమునందున్నది?

1921లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయమున ఆయన విద్యార్థిని హిల్డె మాంగోల్డ్ దీనిని పరీక్షింప పూనుకొనెను. పిండము బంతివలె ఉన్న దశలో దానిపై చిన్న రంధ్రమేర్పడి, అచ్చటి కణములు లోపలికి మడతపడును. లేతరంగు జాతి పిండమునుండి ఆ రంధ్రపు పైఅంచును చిన్న తునకగా తీసి, ముదురురంగు జాతి పిండపు పొట్టవైపున ఆమె నాటెను. చాల పిండములు చనిపోయెను. బ్రతికిన కొద్దిటిలో పొట్టవైపున రెండవ శరీరము రూపుగొనెను!

రంగుల భేదము అసలు సంగతిని తెలిపెను. క్రొత్త వెన్నుపాములో అధికభాగము ముదురురంగు కణములే. అనగా పొట్టచర్మము కావలసిన కణములచే ఆ తునక వెన్నుపామును కట్టించినది. దానికి 'వ్యవస్థాపకము' అని పేరిడిరి.

ఈ ఫలితము 1924లో అచ్చయ్యెను. ఆ సంవత్సరమే, ఇరువదియైదేండ్ల వయస్సున, ఇంటిలో కాలిన గాయములతో మాంగోల్డ్ మరణించెను. 1935లో స్పేమన్‌కు నోబెల్ బహుమానము లభించెను.

ఆ తునక పొరుగు కణములతో ఏమి చెప్పినది? జవాబునకు ఏడు దశాబ్దములు పట్టెను. 1992లో నాగిన్, 1994లో కార్డిన్ అను ప్రొటీనులను కప్ప పిండములలో కనుగొనిరి. ఇవి "చర్మము కమ్ము" అను సంకేతమును అడ్డగించును. అడ్డుపడగా ఆ కణములు నాడీకణములగును. వ్యవస్థాపకము ఆజ్ఞాపించునని తలచితిమి. అది ముఖ్యముగా వేరొక ఆజ్ఞను ఆపుచున్నది.

వానకాలమున గుంటలో కప్పగ్రుడ్లు కనబడినపుడు భూతద్దముతో చూడుడు. న్యూట్ లేకున్నను, ఆ రంధ్రము, ఆ మడత అందును కలవు.