తాండా కుట్టుపని – ఒక చారిత్రక పరిశీలనము

పోచంపాడనగానే పోచంపల్లిని తలచువారు పెక్కురు. పోచమ్మ పేరు రెండింటను వినబడుచున్నను వస్త్రచరిత్రలో ఇవి వేర్వేఱు. నూలును ముడులు కట్టి రంగులలో ముంచి నేయు పోచంపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. నిజామాబాదు జిల్లాలోని పోచంపాడు 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరమునకు నెలవు. ఆర్మూరు ప్రాంతమున పసుపు పండు సీమ. ఈ సీమకు వస్త్రచరిత్రతో గల సంబంధమును మగ్గమున గాక సూదిమొనయందు వెదుకవలెనని చూపుట ఈ వ్యాసోద్దేశము.

వస్త్రాలంకరణము మూడు దశలలో జరుగును: నేతకు ముందు నూలునందు, నేసిన పిదప బట్టయందు, తుదకు ఉడుపునందు. మొదటిదానికి పోచంపల్లి, చీరాల పనితనమును, రెండవదానికి మచిలీపట్టణము, శ్రీకాళహస్తి కలంకారీయు నిదర్శనములు. తెలుగుదేశపు వస్త్రఖ్యాతి మిక్కిలి ప్రాచీనము. క్రీ.శ. ఒకటవ శతాబ్దినాటి పెరిప్లస్ గ్రంథము మసాలియా సీమ సన్నబట్టలను పేర్కొన్నది. పదుమూడవ శతాబ్దిలో మార్కోపోలో మోటుపల్లి వస్త్రములను సాలెగూటితో పోల్చెను. భారతదేశపు అద్దకపు బట్టల వెల్లువకు వెఱచి 1686లో ఫ్రాన్సును, 1700, 1721 సంవత్సరములలో ఇంగ్లండును నిషేధశాసనములు చేసినవి.

అద్దకపు ఖ్యాతికి మూలము రంగుల నిలుకడ. చిరివేరు ఎఱుపు పటికతో గూడి నూలును పట్టుకొని ఉదుకులకు నిలుచును. పసుపు అట్టిది కాదు. ఎండకు వెలిసిపోవును, సున్నము తగిలిన ఎఱ్ఱవాఱును. పారాణికి ఆ గుణమే ఆధారము. శుభకార్యమునకు శ్రేష్ఠమైన వర్ణమే అద్దకమునకు చంచలమైనది. కావున పసుపు పండుటచేతనే ఒక సీమ అద్దకపు సీమ కాజాలదు.

ఇక మూడవ దశ. దీనికి తెలంగాణమున ముఖ్యప్రతినిధులు లంబాడీలు. 2011 జనగణన ప్రకారము రాష్ట్రపు షెడ్యూల్డు తెగలలో వీరే అధికసంఖ్యాకులు. పూర్వము వీరు ఎద్దులపై ధాన్యము, ఉప్పు మోయించుచు దేశములు తిరిగిన వర్తకులు. 1632లో పీటర్ మండీ యను ఆంగ్లేయుడు 14,000 ఎద్దుల తాండాను చూచినట్లు వ్రాసెను. నాడు తాండా యనగా నడచు బిడారు. నేడు కదలని పల్లె. ఒక పదము యొక్క ఈ అర్థపరిణామమునందు ఒక జాతి చరిత్ర ఇమిడియున్నది. బాటలు, రైళ్లు వచ్చి వారి రవాణా వృత్తిని హరించినవి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము కొన్ని ప్రాంతములలో వారిపై నేరముద్ర వేసెను.

ఈ చరిత్రకు వారి ఉడుపులును సాక్ష్యములే. ఫేటియా, కాంచళి, టుక్రీ అను మూడింటిపైని అద్దములు, గవ్వలు, రంగుదారములు పొందుపఱుపబడును. అద్దమునకు రంధ్రముండదు. అడ్డముగను నిలువుగను దారములు పఱచి, వాని చుట్టును వలయముగా కుట్టి అద్దమును బంధింతురు. గవ్వ మాలదీవుల సరకు. వంగదేశమున పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లవరకు నాణెముగా చెల్లినది. తెలుగు నుడికారమున చిల్లిగవ్వ విలువలేనిది. కాని బట్టకు కుట్టవలెనన్న గవ్వకు చిల్లి యుండితీరవలెను. నాణెముగా పనికిరానిదే నగగా పనికివచ్చినది. వర్తకజాతి వస్త్రమునందు ఇంతకంటె తగిన అలంకారము వేఱొకటి లేదు.

సూదిపనిని చరిత్రాధారముగా గ్రహించుట ఇతర దేశములలో కొత్త కాదు. 1066 నాటి నార్మను విజయమును చూపు బేయో వస్త్రము సుమారు 70 మీటర్ల నారబట్టపై ఉన్నిదారముతో చేసిన కుట్టుపనియే. పాలస్తీనా స్త్రీల ఉడుపులపైని కుట్టును బట్టి వారి గ్రామమును గుర్తింపగలిగియుండిరి. ఆ కళను 2021లో యునెస్కో మానవజాతి వారసత్వముగా స్వీకరించినది. మన పొరుగున కర్ణాటకమందలి సండూరు లంబాడీ కుట్టుపనికి భౌగోళిక సూచిక లభించినది. 2023 జూలైలో హంపిలో జరిగిన జి-20 సమావేశ సందర్భమున 450 మందికి పైగా స్త్రీలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శనము గిన్నిస్ గ్రంథమున కెక్కినది.

అయినను ప్రదర్శనము వేఱు, పఠనము వేఱు. పాత ఉడుపులను ముక్కలు చేసి సంచులుగను, దిండుగలీబులుగను అమ్ముచున్నారు. ముక్క నిలుచును గాని, అది కాంచళి రొమ్ముభాగమో ఫేటియా అంచో తెలియదు. లంబాడీ భాషకు స్వంతలిపి లేదు. కుట్ల పేర్లు వృద్ధస్త్రీల నోళ్లయందే యున్నవి. చీరకట్టు ప్రబలిన యిండ్లలో ఆ పేర్లతో పనిలేకపోయినది. శాసనము శిథిలమైనను ప్రతిబింబము నిలుచును; పేరు పోయిన కుట్టును బట్టమీద చూడవచ్చును గాని చదువజాలము.

కావున తెలుగు శాఖల విద్యార్థులు మాండలిక పదసేకరణమునకు వెళ్లునపుడు ఈ పదములనుకూడ గ్రహింపవలెను. ప్రతి కుట్టునకు పేరు, ఉడుపునందలి దాని స్థానము, వేయు విధానము, చెప్పిన స్త్రీ సమ్మతించినచో ఆమె పేరు – ఈ నాలుగింటిని వ్రాసికొన్న చాలును. ధాన్యపు బస్తాలు మోసిన ఎద్దుల లెక్క ఆంగ్లేయుని గ్రంథమున దొరకినది. ఆ బిడారుతో నడచిన స్త్రీల పనితనపు లెక్క మనము వ్రాయవలసియున్నది.